తీసేసిన పది మార్కులు

మా తెలుగు సంఘంలో ఏటా క్రిస్మస్‌కు ముందు బైబిల్లోని ఒక కీర్తన కంఠస్థం పోటీ పెట్టేవాళ్లం. గెలిచినవారు పండుగ ఉదయం ఆరాధనలో ఆ కీర్తన చెప్పాలి. ఖరగ్‌పూర్‌లో మేమంతా రైల్వేవాళ్లమే, ఎటు చూసినా చుట్టాలమే. తమవాళ్లకు మార్కులు ఎక్కువేశారని, పడనివాళ్లకు తక్కువేశారని ప్రతిసారీ తగువే.

తొంభైల్లో మా ఆఫీసుకు కంప్యూటర్ వచ్చింది. స్ప్రెడ్‌షీట్ కొత్తగా నేర్చుకున్న ఉత్సాహంలో మా పాస్టరు అయ్యగారికి ఒక ఉపాయం చెప్పాను. ఐదుగురు మార్కులు వేస్తారు కదా, అందులో అన్నిటికన్నా పెద్దదీ చిన్నదీ తీసేసి మిగిలిన మూడింటికే సగటు కడదాం అన్నాను. పక్షపాతం పోతుందని ఆయన సంతోషించారు.

ఆ ఏడాది మార్కులు వేసినవారిలో ఝపటాపూర్ పేటలో ఉండే మామ్మ ఒకరు. రైల్వే ఆసుపత్రిలో ఆయాగా చేసి రిటైరైంది. ఆ కీర్తన ఆమెకు పొల్లు పోకుండా వచ్చు.

పోటీలో ఒక గ్యాంగ్‌మన్ భార్య నిలబడింది. ఆమెకు చదువు రాదు. మొగుడు చదువుతుంటే విని నేర్చుకుంది. తడబడుతూ చెప్పింది గాని ఒక్క మాట తప్పలేదు. మామ్మ పదికి పది వేసింది, మిగతావాళ్లు ఆరూ ఏడూ వేశారు. తర్వాత గార్డుగారి అమ్మాయి శ్రావ్యంగా చెప్పి, మధ్యలో ఒక వచనం దాటేసింది. మామ్మ మూడు వేసింది, మిగతావాళ్లు ఏడు నుంచి తొమ్మిది దాకా వేశారు.

మర్నాడు ఆఫీసులో మార్కుల చీటీలు చూసి అంకెలు కొట్టాను. పదీ పోయింది, మూడూ పోయింది. అమ్మాయి గెలిచింది. సరదాకి ఐదూ కలిపి చూశాను. గ్యాంగ్‌మన్ భార్యకు ముప్పై ఆరు, అమ్మాయికి ముప్పై ఐదు. ఆ వచనం దాటడం నేనూ విన్నాను. అయినా షీటు మూసేశాను.

ఆదివారం ఫలితం చదివాక మామ్మ నన్ను గుమ్మం దగ్గర ఆపింది.

"నా మార్కులేటి సేసినావు బాబూ?"

"కంప్యూటర్ తీసేసింది మామ్మా. అందరికీ అలాగే తీస్తుంది."

"దానికి కీర్తన వచ్చేటి?"

నేను నవ్వాను. ఆమె నవ్వలేదు.

"ఆ పిల్ల ఒకటి ఎగరేసింది. నువ్వు ఇన్లేదా?"

"గమనించలేదు మామ్మా."

"ఠీక్ హై," అని చెప్పులు వేసుకుంది.

పండుగకు ఇంకా రెండు వారాలున్నాయి. అయ్యగారింటికి వెళ్లి ఉన్నది చెబితే సరిపోయేది. రోజూ ప్రార్థనలో ఆ మాట నోటిదాకా వచ్చేది, ఆమెన్ అని లేచిపోయేవాణ్ణి. నా లెక్కను అందరూ మెచ్చుకుంటున్నారు మరి.

క్రిస్మస్ ఉదయం ఆ అమ్మాయి కీర్తన అందుకుంది. ఆ వచనం దగ్గరికొచ్చి, మళ్లీ దాటేసింది. వెనక ఆడవాళ్ల చాపల మీద నుంచి ఒక గొంతు, తడబడుతూ, ఆ ఒక్క వచనం చెప్పి ఆగిపోయింది. నేను తల ఎత్తలేదు.