పొట్టంగి సంతలో కాటా చప్పుడు

మేష్టారు పోయారన్న కబురు నాకు ఫోనులో చెప్పినవాడు, ఆ మాట అన్న అరనిమిషంలోనే సంతాప సభ సంగతి ఎత్తాడు. మా రేడియో క్లాసులో నాతోపాటు చదివినవాడే. ఇప్పుడు రాయగడలో బట్టల కొట్టు నడుపుతూ, ఊళ్ళో ఎవరు పోయినా ఎవరు వచ్చినా సభ పెట్టించే పెద్దమనిషి. "పన్నెండో రోజు దాటేక మన కాలేజీలోనే పెట్టిస్తన్నాను. వ్యాఖ్యానం నువ్వే సెప్పాల. నీ గొంతయితే సభకి నిండుతనం వస్తాది" అన్నాడు. అప్పటికి కోరాపుట్‌లో మేష్టారి శవం ఇంకా ఇంట్లోనే ఉంది. నేను మాత్రం తక్కువ తిన్నానా? ఫోను పెట్టేసి, సభకి ఏ చీర కట్టుకోవాలా అని ఆలోచించాను.

సభ బాగా జరిగింది. అంటే పూలదండ పెద్దది, మైకు కుయ్యిమనలేదు, ప్రిన్సిపాలు టైముకి వచ్చాడు. మొదట మాట్లాడిన ముగ్గురూ మేష్టారిది మధుర గాత్రమన్నారు. చెప్పుకోడానికైనా సిగ్గుండాలి! ఆయన గొంతు రేకుడబ్బాలో గులకరాళ్ళు వేసి ఆడించినట్టుండేది. ఒక్క పూట ఆయన మాట విన్నవాడెవడూ ఆ ముక్క అనడు. వినకుండానే పొగిడేవాళ్ళంటే మేష్టారికి ఒళ్ళుమంట, ఆయన సంతాప సభకి అలాంటివాళ్ళే దొరికారు.

నాలుగోవాడిగా బట్టల కొట్టు పెద్దమనిషి లేచాడు. ఇంట్లో "ఏటి, ఎలగ" అనే మనిషి, మైకు ముందుకొచ్చేసరికి ఎక్కడలేని తెలుగూ తెచ్చుకున్నాడు. "మహనీయులకైనా చిన్న పొరపాట్లు సహజం. సంతకు వెళ్ళకుండానే సంత రికార్డింగును సృష్టించి మన గురువుగారు ఒకనాడు అపకీర్తి పాలయ్యారు. నేడు మనమందరం పెద్దమనసుతో ఆ విషయాన్ని మరచిపోదాం" అన్నాడు. మరచిపోదామంటూ, గుర్తులేనివాళ్ళకి కూడా గుర్తుచేశాడు. ముందు వరసలో కూర్చున్న మేష్టారి భార్య తల వంచుకున్నారు.

ఆ దొంగ రికార్డింగు చేసింది మేష్టారు కాదు, నేను. ఆ హాల్లో ఆ సంగతి తెలిసినదాన్ని నేనొక్కదాన్నే. మైకు కూడా నా చేతిలోనే ఉంది. "చక్కటి మాటలు చెప్పారు, ధన్యవాదాలు" అని, తరవాతి మనిషిని వేదిక మీదకి పిలిచాను.

అందుకని ఈ నాలుగు మాటలూ రాస్తున్నాను. చదివినవాళ్ళెవరూ నా నిజాయితీని మెచ్చుకోనక్కర్లేదు. పన్నెండేళ్ళు ఆలస్యంగా వచ్చే నిజాయితీ మొహం ఎలా ఉంటుందో నాకు తెలుసు, రోజూ అద్దంలో చూస్తున్నాను.

మేష్టారిది కోరాపుట్. వాళ్ళ తాతల కాలంనించీ దివాణంలో ఉద్యోగాలు చేసిన తెలుగు కుటుంబం. ఆయన మాత్రం రేడియోలో పర్మనెంటు కాని ఉద్యోగం పట్టుకుని, వారానికో అరగంట తెలుగు కార్యక్రమం చేసేవారు. తొంభైల నడుమ మా రాయగడ కాలేజీ సాయంత్రం పూట రేడియో కోర్సు ఒకటి పెట్టింది. విద్య మీద ప్రేమతో కాదు, బోర్డు మీద ఇంకో లైను పెరుగుతుందని. మేం పద్నాలుగు మందిమి చేరాం, అదీ విద్య మీద ప్రేమతో కాదు. శ్రీకాకుళం, విజయనగరం వైపునించి వచ్చి స్థిరపడ్డ షావుకార్ల పిల్లలం. రేడియోలో మన పేరు వినబడితే చాలనుకునే బాపతు.

అందరిలోకీ నేను మరీ ఘోరం. వక్తృత్వ పోటీల్లో గెలిచిన కప్పులు మా ఇంట్లో అలమరా నిండా ఉండేవి. మొదటి రోజు మేష్టారు ఏదైనా చెప్పమంటే లేచి, "శ్రోతలందరికీ నమస్సుమాంజలులు" అని ఎత్తుకున్నాను. ఆయన జేబులోంచి వేరుశెనక్కాయల పొట్లం తీశారు. నేను మాట్లాడినంతసేపూ ఒక్కొక్కటే చిట్లగొట్టి తిన్నారు.

"అయిపోనాదా?" అన్నారు.

"అయిందండి."

"ఏ ఊరమ్మి నీది?"

"రాయగడేనండి."

"మీ ఇంట్లో కూరలో ఉప్పు తగ్గితే ఇలగే అడుగుతావేటి?"

క్లాసంతా విరగబడి నవ్వింది. ఆ క్షణంనించి ఆయనంటే నాకు మంట. ఆ మంటతోనే కదా ఒక్క రోజు కూడా క్లాసు మానలేదు.

మూడు నెలలపాటు మమ్మల్ని మైకు ముట్టుకోనివ్వలేదాయన. క్లాసులోకి రాగానే ఒక నిమిషం కళ్ళు మూయించి, తరవాత ఏం వినబడిందో రాయమనేవారు. నేను 'ఫ్యాను' అని రాస్తే, "దానికో రెక్క వంకర. ఇన్లేదా? సెవులున్నాయి గదాని కమ్మలెట్టుకుంటే సరిపోదమ్మి" అన్నారు. ఏ టేపునైనా స్టేషనుకి పంపేముందు మూడుసార్లు వినేవారు. మొదటిసారి మాటల కోసం. రెండోసారి మాటల వెనక చప్పుళ్ళ కోసం. మూడోసారి ఎందుకంటే, "అప్పుడే దొంగ దొరుకుతాడు" అనేవారు.

ఆయన దేవుడని నేను చెప్పను. రాయగడ ఎండలో కూడా కోరాపుట్ స్వెట్టరు వేసుకొచ్చి, ఫ్యాను కట్టించి, మమ్మల్ని ఉడకబెట్టేవారు. ఒకమ్మాయిని తిట్టి ఏడిపించి, ఆ ఏడుపు కూడా దొంగేడుపన్నారు. తీసుకున్న పుస్తకం తిరిగిచ్చిన పాపాన పోలేదు. మెచ్చుకోలు మాట ఆయన నోట వినాలంటే మళ్ళీ పుట్టాలి.

రెండో ఏడు ఆయన మాకు సంతలు పంచారు. ఒకళ్ళకి లక్ష్మీపూర్, ఒకళ్ళకి లమ్తపుట్, నాకు పొట్టంగి. ఒకరి సంత ఇంకొకరికి చెప్పకూడదు, చెబితే కాపీ కొడతామని ఆయన నమ్మకం. వెళ్ళి, అక్కడ అమ్ముకునే మనిషిని ఒకరిని మాట్లాడించి, అయిదు నిమిషాలు తేవాలి. టేపులో మా గొంతు వినబడకూడదు. అన్ని సంతలూ ప్రసారమయ్యాక మా పేర్లు ఒకేసారి చదువుతానన్నారు. నాకేమో పొట్టంగిలో అల్లం అమ్మే ఆడమనిషి.

నేను వెళ్ళలేదు. ఘాటు రోడ్డు మీద బస్సులో కడుపు తిప్పుతుందని అనుకున్నాను గాని, అసలు సంగతి అది కాదు. కొండవాళ్ళు దిగి మా గోడౌన్‌కి రావడమేగాని, మేం వాళ్ళ దగ్గరికి వెళ్ళడం మా ఇంటా వంటా లేదు. సంతలో ఏముంటుంది, మా చిన్నాన్న గోడౌన్లో లేనిది? మా ఇంట్లో పనిచేసే, దేశియా మాట్లాడే కొండ ఆవిణ్ణి మేం మౌసీ, అంటే పిన్ని, అని పిలిచేవాళ్ళం. ఆవిణ్ణి గోడౌన్లో అల్లం బస్తాల మధ్య కూర్చోబెట్టి, అల్లం అమ్ముతున్నట్టు వాళ్ళ భాషలో మాట్లాడమన్నాను. ఆవిడ అద్భుతంగా మాట్లాడింది. వెనక కాటా రాళ్ళు ఠంగుఠంగుమంటున్నాయి. సంత అంటే ఇలాగే ఉండాలని నేను మురిసిపోయాను.

ఆ టేపు పట్టుకుని రైల్లో కోరాపుట్ వెళ్ళాను. చూడండి, కోరాపుట్ దాకా వెళ్ళగలిగాను, అక్కణ్ణించి పొట్టంగి వెళ్ళలేకపోయాను. మేష్టారు మలేరియాతో రెండు దుప్పట్లు కప్పుకుని వణుకుతున్నారు. ఆయన భార్య ఆయన నుదుటిమీద తడిగుడ్డ వేసి, కషాయం పెట్టడానికి వంటింట్లోకి వెళ్ళారు.

"ఇనాలంటే తల లేవట్లేదమ్మి. పొట్టంగి ఎల్లేవు గదా?" అన్నారు.

"ఎల్లేనండి. తెల్లారగట్ల బస్సుకే."

"అలగయితే సాలు. నువ్వు తెచ్చేవు గదా."

వినకుండానే కవర్లో పెట్టి అంటించారు. రెండేళ్ళలో ఆయన నాకిచ్చిన మెచ్చుకోలు ఆ ఒక్కటే.

ఆ వారం రేడియోలో అది వచ్చింది. మా వంటింట్లో మౌసీ తన గొంతు తనే విని, కొంగు నోట్లో కుక్కుకుని నవ్వింది. పది రోజుల తరవాత స్టేషనుకి పొట్టంగినించి ఓ కార్డు వచ్చింది. మేష్టారు దాన్ని క్లాసుకి తెచ్చి చదివారు. "మా సంతలో అల్లం కుప్పలు పోసి అమ్ముతారు. మా ఆడవాళ్ళ దగ్గర కాటాలు ఉండవు. మీరు ఏదో షావుకారు కొట్టు వినిపించి మా సంత అన్నారు. మమ్మల్ని వెక్కిరించడానికా?" అని ఉంది అందులో. కాటా లేకుండా అమ్మకం ఉంటుందని మా ఇంట్లో పుట్టినదానికి తోచలేదు. పొట్టంగి ఒక్కసారి వెళ్ళి ఉంటే చంటిపిల్లకైనా తెలిసేది.

మేష్టారు కార్డు మడిచారు. "ఎవలి తప్పు?" అన్నారు. నేను నోట్సులో తారీఖు వేసుకుంటూ కూర్చున్నాను. ఆయన నావైపు ప్రత్యేకంగా చూడలేదు. "ఇనకండా పంపినోడి తప్పు" అని ఆయనే చెప్పి, పాఠంలోకి వెళ్ళిపోయారు.

స్టేషనుకి మాత్రం, ఆ రికార్డింగు తనే చేశానని రాసిచ్చారు, మా క్లాసువాళ్ళూ చివరికి అదే నమ్మారు. పిల్ల చేసిందని చెబితే ఇంక పిల్లల టేపులు తీసుకోరని ఆయన భయం కాబోలు. ఎలాగూ తీసుకోలేదు. ఆయన అరగంట కార్యక్రమమూ ఊడపెరికారు. మిగతా సంతల టేపులు ఆయన బీరువాలోనే ఉండిపోయాయి. మరుసటి ఏడు కాలేజీవాళ్ళు కోర్సు ఎత్తేశారు. ఊళ్ళో ఆయనకి 'సంతకెల్లని సంత మేష్టారు' అని పేరుపడింది. ఎవరో ఆ పేరు అంటే పదిమందితోపాటు నేను కూడా నవ్వాను.

ఆ తరవాత నేను అదే కోరాపుట్‌లో కాలేజీ పిల్లలకి రేడియో పాఠం చెప్పే పంతులమ్మనయ్యాను. నా నియామకం చేసినవాళ్ళ చెవుల సంగతి వేరే చెప్పాలా? ఈమధ్య పిల్లలు రేడియో కూడా వద్దంటున్నారు. కంప్యూటర్లో మాట రికార్డుచేసి ఇంటర్నెట్లో పెట్టి, దాన్ని పాడ్‌కాస్ట్ అంటున్నారు. రెండు నిమిషాలు సంగీతం, ఒక నిమిషం "హాయ్ ఫ్రెండ్స్", మిగిలినదంతా వాళ్ళ నవ్వులు వాళ్ళే నవ్వుకోవడం. వాళ్ళని కళ్ళు మూసుకోమని, ఫ్యాను రెక్క సంగతి అడుగుతాను. మూడోసారి వింటే దొంగ దొరుకుతాడని చెబుతాను. ఇవన్నీ నా సొంత మాటలని పిల్లల నమ్మకం. నేనెప్పుడూ కాదనలేదు.

ఒకసారి మేష్టారిని మా క్లాసుకి పిలిచాను. వచ్చారు, అదే స్వెట్టరు. పిల్లలని ఎడాపెడా తిట్టి, టీ తాగి, బయల్దేరారు. గేటు దగ్గర ఆగి, "అమ్మీ, పొట్టంగి ఎల్లేవా ఎప్పుడేనా?" అన్నారు.

"లేదండి" అన్నాను. అనేశాక గాని తెలియలేదు, ఏమన్నానో. ఆయనతో ఆ సంగతి గురించి నేనన్న మొదటి నిజం అదే. ఆయన కాసేపు నిలబడ్డారు. ఇంకేమైనా అంటానేమోనని చూశారని నాకు తెలుసు. నేను గేటు తీసి పట్టుకున్నాను.

"ఎల్లు. మంచి సంత" అని, గొడుగు విప్పుకుని వెళ్ళిపోయారు. మళ్ళీ నేనాయన్ని చూడలేదు.

సభ అయిన మూడో రోజున వాళ్ళింటికి వెళ్ళాను. మేష్టారి భార్య నన్ను చాప మీద కూర్చోబెట్టి మంచినీళ్ళిచ్చారు. నీళ్ళు ముట్టుకోకుండా, ఉన్నదంతా చెప్పేశాను.

"నువ్వా?" అన్నారు. "నాకు గూడా తనే సేసేనన్నారమ్మి. నాను నమ్మేను. పన్నెండేళ్ళు దెప్పేను ఆ మనిషిని. పేపర్లో అబద్ధాలు రాసేరని ఆయనంటే, నీకంటేనా అనేదాన్ని. పాలవాడు నీళ్ళు కలిపేడంటే, నువ్వు కలపలేదేటి అనేదాన్ని. ఒక్క రోజు నోరెత్తలేదమ్మి. ఒక్క రోజు."

ఆవిడ లేచారు. గెంటేస్తారనుకున్నాను. గెంటేస్తే బాగుణ్ణనుకున్నాను. ఆవిడ వీధి తలుపు బార్లా తెరిచి, ఇరుగుపొరుగు ఆడవాళ్ళని పేరుపేరునా పిలిచారు. ఏం జరిగిందోనని అందరూ చేతిలో పనులతోనే వచ్చేశారు. ఒకామె తడిచేతులతో వచ్చింది, ఒకామె కందిపప్పు చేటతో సహా వచ్చింది. అందర్నీ చాప మీద కూర్చోబెట్టి, నన్ను లేచి నిలబడమన్నారు.

"మొదట్నించీ సెప్పు. ఈల్లందరికీ ఇనబడీలాగ సెప్పు" అన్నారు.

చెప్పాను. గోడౌన్, మౌసీ, కాటా రాళ్ళు, మలేరియా, కార్డు, అన్నీ చెప్పాను. నా గొంతు నాకే గుర్తుపట్టరాకుండా ఉంది. మధ్యలో రెండుసార్లు ఆగిపోతే ఆవిడ, "ఊఁ, తరవాత?" అన్నారు. నేను కూర్చోలేదు, ఎవరూ కూర్చోమనలేదు.

అయ్యాక ఆవిడ వాళ్ళవైపు తిరిగి, "ఇన్నారు గదా?" అన్నారు.

తడిచేతులతో వచ్చినామె చేతులు కొంగుకి తుడుచుకుంది. ఒళ్ళో చేట, పప్పులో చెయ్యి, అలాగే పెట్టుకుని కూర్చున్నామె తల ఊపింది.