బొమ్మలో పొగ

ఒంటిగంట దాటింది. తెల్లవారుజామున మొదలైన ముసురు ఇంకా వదలలేదు. పొద్దున తాగిన చాయ్ తప్ప మొగిలయ్య కడుపులో ఏమీ లేదు. హసన్‌పర్తి అవతల ఒక సర్కారు బడికి ప్రహరీ కడుతుంటే అతను అక్కడ కూలి. చేతుల సిమెంటు కడుక్కుని రేకుల షెడ్డులోకి వంగి దూరాడు. పిల్లలకు వండిపెట్టే బక్కమ్మ అతనికి సొంత అక్క.

"ఇంకా కాలేదా అక్కా?"

"నీ కడుపుకు బడిగంట కట్టిన్రా ఏంది? కట్టెలు నానినయి. మంట అందుకుంటలేదు."

ఊదుగొట్టం దించి కొంగుతో కళ్లు ఒత్తుకుంది. మొగుడు పోయాక తొర్రూరు నుంచి తమ్ముడింటికి వచ్చి పదేళ్లుగా ఆ పొగలోనే ఉంది. పొగ మానకపోతే చూపు పోతుందని దవాఖానలో డాక్టరమ్మ చెప్పింది. మానితే తినేదెట్లా అని బక్కమ్మ ఆమెనే అడిగి వచ్చింది.

బియ్యం బస్తాల మీద కూర్చుని ఎనిమిదో తరగతి తేజస్వి ఆమె బొమ్మ గీస్తోంది.

"నన్నేం గీస్తవ్ బిడ్డా? సినిమావోళ్లు దొరకలేదా?"

"వాళ్లు కదులుతరు అవ్వా. నువ్వైతే పొయ్యి ఇడిసి ఎటూ పోవు."

ఆ చలికాలం పిల్లల బొమ్మలన్నీ తాళ్లకు వేలాడదీసి బడిలో అమ్మకం పెట్టారు. సుబేదారి నుంచి ఆఫీసర్లు, హనుమకొండ నుంచి దుకాణదారులు వచ్చారు. పొగలో సగం మొహమే కనిపించే ఆడమనిషి బొమ్మ దగ్గర అందరూ ఆగిపోయారు. బొమ్మలన్నీ పోటీపడి కొన్నారు. ఉన్నమాట చెప్పాలంటే బొమ్మలు బడికి మేలే చేశాయి. తరగతుల్లో ఫ్యాన్లు తిరిగాయి. ఆడపిల్లల బాత్రూముకు నీళ్లు, లోపల గడియ వచ్చాయి. నెలలో నాలుగు రోజులు ఇంట్లో ఉండిపోయే పిల్లలు బడికి రాసాగారు. బక్కమ్మకు గ్యాస్ పొయ్యి వచ్చింది. దానికి పసుపు, బొట్టు పెట్టి, "నా మొహం అమ్మితే వచ్చిందిరా ఇది" అని తమ్ముడితో నవ్వింది. ఆ ఏడు ఆమె కళ్లలో ఎరుపు తగ్గింది.

మళ్లీ చలికాలం వచ్చింది. ఈసారి అమ్మకం సైన్సు గది కోసం. ముందురోజు పెద్దసారు షెడ్డుకు వచ్చాడు. అక్క దగ్గర తిందామని వచ్చిన మొగిలయ్య అక్కడే ఉన్నాడు.

"బక్కమ్మా, రేపు ఒక్కపూట కట్టెలపొయ్యి మీద వండు."

"గ్యాసున్నది కద సారూ."

"అది లోపల పెట్టు. బొమ్మలో ఉన్న మనిషిని చూస్తమని వస్తాండ్రు. గ్యాసు చూస్తే వాళ్ల చెయ్యి జేబుల పోతదా? పిల్లల కోసమే కద, జర ఓపిక పట్టు."

"డాక్టరమ్మ పొగ..."

"ఒక్కపూటకు ఏం కాదు. మొగిలీ, నాలుగు ఇటుకలు పేర్చు."

బక్కమ్మ తమ్ముడి వైపు చూసింది, ఏమైనా అంటాడేమోనని. సైన్సు గది కడితే అతనికి రెండు నెలల పని. తల వంచుకుని ఇటుకలు పేర్చాడు.

తెల్లారి పచ్చికట్టెలు తెచ్చిపడేశారు. వచ్చినవాళ్లు ముక్కులకు రుమాళ్లు అడ్డం పెట్టుకుని ఫోన్లు ఎత్తారు.

"ఇటు తిరుగమ్మా. ఇంకొంచెం ఊదు."

తేజస్విని పక్కన కూర్చోబెట్టి మళ్లీ గీయమన్నారు. ఆ పిల్ల పెన్సిల్ కదల్లేదు.

"గీయి బిడ్డా, నేనెటు పోత?" అంది బక్కమ్మ దగ్గుతూ.

పిల్లలందరికీ వడ్డించింది. గిన్నెలు తోమి బోర్లించింది. మూడింటికి మొగిలయ్య ఆకలితో వచ్చేసరికి షెడ్డులో ఎవరూ లేరు. అతని గిన్నె ఎప్పటి చోటే, మూతపెట్టి ఉంది. వేడి తగ్గని ఇటుకల మీద ఊదుగొట్టం, దాని పక్కన షెడ్డు తాళంచెవి. నీళ్లకు పోయి ఉంటుందిలే అనుకుని తిన్నాడు. అవతల హాల్లో చప్పట్లు వినిపించాయి.

పొద్దుగూకాక ఇంటికి పోతే తలుపుకు తాళం. పక్కింటి పూలమ్మ వాకిలి ఊడుస్తోంది.

"మీ అక్క తొర్రూరు బస్సెక్కె. మూటాముల్లె అంత పట్టుకపోయింది. నీతోని చెప్పలేదా?"

మధ్యాహ్నం తిన్న అన్నం పొగవాసన మొగిలయ్య నోట్లో ఇంకా అట్లాగే ఉంది.