రసమట్టం పెట్టిన పియానో పుస్తకం

పియానో పుస్తకం ఎంచుకోవడంలో లైబ్రరీ నాకు చెప్పని సంగతి ముంబైలో మేముండే కామాటిపుర చాల్‌లోని, అంటే వరస గదుల ఇంట్లోని, తాపీ మేస్త్రి మామకు తెలుసు. అందుకే ఇది రాసి ఉంచుతున్నాను.

దాదర్ హాల్లో మా అమ్మాయి తొలిసారి అందరి ముందు రొమాంటిక్ కాలపు నాక్టర్న్, అంటే రాత్రివేళను తలపించే పియానో కృతి, ఒకటి వాయించాలి. గ్రాంట్ రోడ్ పాత పుస్తకాల కొట్టులో దానికి రెండు ముద్రణలు దొరికాయి. ఒకటి స్వరకర్త రాతప్రతిని అక్షరాలా అనుసరించిన లావుపాటి పుస్తకం. రెండోది టీ మరకలతో నలిగింది. లైబ్రరీలో నెలంతా చదివిన జ్ఞానంతో నేను మొదటిదే మేలన్నాను.

మామ చాయ్ గ్లాసు పెట్టాలన్నా ముందు బల్ల వాలిందేమో చూడ్డానికి దాని మీద రసమట్టం ఉంచి, అందులోని బుడగ మధ్యకొచ్చేదాకా ఆగుతాడు. నాతో కొట్టుకొచ్చి, ఆ రెండు పుస్తకాలూ తెరిచి వాటి మీదా పెట్టాడు.

"గీ లావుది సాపుగ పండుకుంటలేదు బిడ్డా. మూస్కుంటది. పాతదే తీస్కో."

"ఇది సంగీతం మామా, గోడ కాదు!"

"గోడ గిట్ల మూస్కుంటే నన్ను కొడ్తుండ్రి."

నేను లావుదే కొన్నాను. హాల్లో రెండో పేజీకే అది టప్పున మూసుకుంది. అమ్మాయి కళ్లలో నీళ్లు తిరిగాయి. మామ వేదికెక్కి, పేజీ తెరిచి, రసమట్టం అడ్డంగా ఆనించి, బుడగ మధ్యకొచ్చాకే అన్నాడు: "ఇగ కొట్టు బిడ్డా."

చివరిదాకా వాయించింది.

కొట్టు యాదగిరికి, లైబ్రరీ సుశీలగారికి, అక్కణ్ణుంచి రసమట్టం ఎత్తి ఎత్తి పేజీలు తిప్పిన పద్మకు కృతజ్ఞతలు. మామ తన పేరు వద్దన్నాడు, రసమట్టానిది రాయమన్నాడు. రసమట్టానికీ కృతజ్ఞతలు.