బఫర్ పెంచవద్దన్న రోజు

రెండు వేల సంవత్సరం దాటిన తొలినాళ్లలో నేను హోసూరులోని ఒక చిన్న కంపెనీలో నెట్‌వర్క్ కార్డులను నడిపే డ్రైవర్ ప్రోగ్రాములు రాసేదాన్ని. ఒక ఫ్యాక్టరీలో ఒక యంత్రం, తయారైన ప్రతి పీసునూ కొలిచి, ఆ కొలతను మా కార్డు ద్వారా కంప్యూటరుకు పంపేది. కొలత సరిగ్గా లేకపోతే వెంటనే ఎర్ర లైటు వెలగాలి, అది చూసి ఆ పీసును పక్కన పెట్టాలి. అయితే వచ్చిన కొలతలు తమ వంతు కోసం ఆగే చోటు, అంటే బఫర్, నిండిపోయి కొన్ని మధ్యలోనే పోతున్నాయి.

"డ్రైవర్లో బఫర్‌ని నాలుగింతలు చేసేద్దామమ్మా," అన్నారు మా సీనియర్.

"అట్ల చేస్తే ఏదీ పోదు సార్. కానీ అన్నీ ఆడ క్యూలో నిలిచి లేటుగా వస్తాయి."

ఆయన ఒప్పుకోలేదు. గంటసేపు వాదించుకుని, చివరికి ఫ్యాక్టరీకి వెళ్లి పెంచే చూశాం. ఒక్క కొలతా పోలేదు. ఆయన నావైపు చూసి నవ్వారు. అంతలో యంత్రం దగ్గర పనిచేసే సూళగిరి నుంచి వచ్చే పెద్దావిడ మమ్మల్ని పిలిచింది.

"లైటు ఇప్పుడు ఎలిగితే ఏం లాభమప్పా? ఆ పీసు అప్పుడే డబ్బాలోకి పోయినాది."

ఆయన నవ్వు ఆగిపోయింది. "నువ్వు చెప్పిందే నిజమమ్మా. క్యూ ఎందుకు పెరుగుతా ఉందో చూద్దాం రా," అన్నారు.

కార్డు నుంచి డేటా తీసుకునే మా ప్రోగ్రామే, ప్రతి కొలతనూ డిస్కులో రాసేదాకా ఆగుతోంది. రాసే పనిని విడదీసి వేరే ప్రోగ్రాముకు అప్పగించాం. పాత బఫరే సరిపోయింది.

ఫ్యాక్టరీ మేనేజరు వచ్చినప్పుడు సీనియర్ నన్ను ముందుకు పిలిచి, "వద్దని చెప్పింది ఈ అమ్మాయే. నేనే వినలేదు," అన్నారు. అంతమంది పనివాళ్ల ముందు ఆ మాట విన్నప్పటి గర్వం నాకు ఇప్పటికీ తగ్గలేదు.