సీనియర్ మాటను దిద్దిన రోజు

లాయరు ఆఫీసులో అందరూ ఆవిడను జూనియరమ్మ అనేవారు. తలలో తెల్ల వెంట్రుకలు వచ్చాయి, కూతురు కాలేజీలో చేరింది, ఆవిడ దగ్గర పని నేర్చుకుని వెళ్ళినవాళ్ళలో ఒకరిద్దరు జడ్జీలు కూడా అయ్యారు. ఆవిడ మాత్రం జూనియరమ్మగానే ఉండిపోయింది. దానికి ఆవిడ ఎన్నడూ చిన్నబుచ్చుకోలేదు. ఎవరికి జూనియర్ అన్నది ముఖ్యం గానీ ఎన్నాళ్ళు జూనియర్ అన్నది కాదు అనుకునేది.

ఆవిడ సీనియర్‌ని పెద్దాయన అనేవారు. వ్యాపార వ్యాజ్యాల్లో ఆయన పేరు తెలియని బారిస్టరు లేడు. కంపెనీల మధ్య తగవులు, ఒక భాగస్వామి ఇంకొకరిని నిలువునా ముంచిన కేసులు, రెండు దేశాల వాళ్ళు కోర్టుకు పోకుండా ముగ్గురు మధ్యవర్తుల ముందు తేల్చుకునే ఆర్బిట్రేషన్లు, ఇవే ఆయన పని. సాక్షి మీద ఎన్నడూ గొంతు లేపేవాడు కాదు. బస్సు కోసం నిలబడ్డ మనిషిని పలకరించినట్టు మొదలుపెట్టి, ఒక్కో తలుపూ మెల్లగా మూసుకుంటూ వచ్చేవాడు. చివరికి సాక్షికి నిజం చెప్పడం తప్ప వేరే దారి ఉండేది కాదు. ఇదంతా చేతిలో ఒక్క కాగితం లేకుండానే. ఏ సాక్షి ఏ పూట ఏమన్నాడో అక్షరం పొల్లుపోకుండా చెప్పేవాడు. "నిన్న మీరు ఇలా అన్నారు" అని ఆయన అంటే, ఎదుటి లాయర్లు రికార్డు తిరగేసి చూసుకోవడం కూడా ఎప్పుడో మానేశారు.

ఆయన లేచి వాదిస్తుంటే ఆవిడ వెనక కుర్చీలో కూర్చునేది. ఏదైనా మరిచిపోతున్నాడనిపిస్తే ఆయన కోటు అంచు పట్టుకుని చిన్నగా లాగేది. ఆయన ఆగి, గ్లాసు అందుకుని నాలుగు గుక్కలు నీళ్ళు తాగి, వెనక్కి వంగేవాడు. ఆవిడ చెప్పాల్సింది చెవిలో చెప్పేది. చూసేవాళ్ళకి ఆయనకు దాహం ఎక్కువనిపించేది.

ఆయనలో మార్పు ఎప్పుడు మొదలైందో ఆవిడకు కచ్చితంగా తెలియదు. "కేసు కథ నీ నోట వింటే నాకు స్పష్టంగా ఉంటుందమ్మాయ్" అని రోజూ పొద్దున్నే మొదటినుంచీ చెప్పించుకోవడం మొదలుపెట్టాడు. ఒకరోజు కోర్టు భవనంలో, తన సొంత ఇల్లులా తిరిగే చోట, లైబ్రరీకని బయలుదేరి మెట్ల దగ్గర నిలబడిపోయాడు. ఆవిడ వెతుక్కుంటూ వెళ్తే, "నీకోసమే ఆగాను" అన్నాడు. ఆ గొంతులో ఉన్న తడబాటును ఆవిడ విన్నది. విననట్టే నడిచింది. ఆ తర్వాత ఆయన కోసం ప్రశ్నలు పెద్ద అక్షరాలతో రాసిపెట్టడం, క్లయింట్లు లోపలికొచ్చేముందు వాళ్ళెవరో ఆయన చెవిన వేయడం, మీటింగుల్లో ఆయన వాక్యం సగంలో ఆగితే తనే అందుకుని పూర్తి చేయడం అలవాటైంది.

ఆవిడ భర్త పళ్ళ డాక్టరు. ఆయనకు మాత్రం చెప్పుకుంది.

"పుచ్చిన పన్ను మీద తొడుగు మీద తొడుగు వేస్తున్నావు. పైకి బాగానే ఉంటుంది, లోపల పని లోపల జరిగిపోతుంటుంది" అన్నాడాయన.

"నీకు మనుషులందరూ పళ్ళలాగే కనపడతారు" అని విసుక్కుని లేచిపోయింది.

యంత్రాల కేసు ఒకటి వచ్చినప్పుడు ఆవిడే ధైర్యం చేసి పెద్దాయన ఇంటికి వెళ్ళింది. ఆయన భార్యతో విషయం కదిపింది. ఆ పెద్దావిడకు అన్నీ తెలుసు. టీ కప్పు చేతికిస్తూ, "ఆ కోటు తీసేస్తే ఆయనకి ఏం మిగులుతుంది తల్లీ?" అంది. "ఇదే ఆఖరిదని నేను ఒప్పిస్తాను. ఈ ఒక్క కేసూ గట్టెక్కించు. నువ్వు వెనకుంటే ఏం కాదు."

"సరేనమ్మా" అంది ఆవిడ.

ఆ కేసులో వీళ్ళ క్లయింటు ఒక శీతల గిడ్డంగుల కంపెనీ యజమాని. వేరే దేశపు కంపెనీ దగ్గర చల్లబరిచే యంత్రాలు కొన్నాడు. కొత్తవని చెప్పి పంపినవి నిజానికి ఎక్కడో వాడేసి పక్కన పడేసినవి, పైన కొత్త రంగు వేసి ఉంది. వేసవిలో అవి ఒక్కొక్కటిగా ఆగిపోయాయి, గిడ్డంగిలో సరుకంతా కుళ్ళిపోయింది. యంత్రాలు పాతవని అవతలివాళ్ళు కూడా దాదాపు ఒప్పుకున్నారు. తేలాల్సింది ఒక్కటే: తెలిసి మోసం చేశారా, తెలియక జరిగిందా. అది తేల్చగల మనిషి, పంపేముందు యంత్రాలను తనిఖీ చేసిన అవతలి కంపెనీ ఇంజనీరు.

విచారణ ఒక హోటల్లో అద్దెకు తీసుకున్న హాల్లో జరిగింది. మెత్తని తివాచీ, ప్రతి బల్ల మీదా మైకు, నీళ్ళ జగ్గు. ఎదురుగా ముగ్గురు మధ్యవర్తులు. ఇంజనీరు మొదటి రోజంతా చేతిలో రుమాలు నలుపుతూ, తనకేమీ తెలియదనే చెప్పాడు. రెండో రోజు పెద్దాయన మంచి ఉత్సాహంగా లేచాడు. కాసేపు పాత రోజుల్లాగే సాగింది. జూనియరమ్మ కుర్చీలో వెనక్కి వాలి ఊపిరి పీల్చుకుంది.

అప్పుడు ఆయన అన్నాడు: "పాత యంత్రాలకు రంగు వేయమని మీకు పైనుంచి చెప్పారని నిన్న మీరే ఒప్పుకున్నారు కదా, ఇంజనీరు గారూ?"

ఇంజనీరు బిత్తరపోయాడు. "నేనా? నిన్నా?"

"మీరే. 'చెప్పారు, చేశాను' అన్నారు. అచ్చంగా అవే మాటలు."

అవతలి లాయరు, కుర్రవాడే, సగం లేచాడు. "అలా అన్నట్టు నాకు గుర్తులేదు. రికార్డు చూడాలి."

"చూసుకోండి నాయనా, తొందరేముంది" అన్నాడు పెద్దాయన నవ్వుతూ. మధ్యవర్తుల్లో అధ్యక్షుడిగా ఉన్నాయన కూడా నవ్వాడు. కుర్రలాయరు చెవులు ఎర్రబడ్డాయి. కూర్చుని గబగబా పేజీలు తిప్పడం మొదలుపెట్టాడు.

ఇంజనీరు నుదురు తుడుచుకున్నాడు. అంత పేరున్న మనిషి అంత నిబ్బరంగా చెబుతుంటే తన జ్ఞాపకం మీద తనకే నమ్మకం పోయినట్టుంది. "అని ఉంటానేమో సర్. నిన్న నాకు ఒంట్లో బాగాలేదు. ఏం మాట్లాడానో..."

ఒక మధ్యవర్తి కలం తీసి రాసుకున్నాడు. పక్కనే కూర్చున్న యజమాని, "దొరికిపోయాడు" అని గొణిగాడు.

వెనక్కి వాలిన జూనియరమ్మ గబుక్కున ముందుకు జరిగింది. 'చెప్పారు, చేశాను.' ఆ మాటలు ఆవిడకు బాగా తెలుసు. అవి ఈ ఇంజనీరువి కావు. ఆవిడ కొత్తగా పనిలో చేరిన రోజుల్లో ఒక ఓడ ఇంజన్ల కేసులో, రంగులు వేసే మేస్త్రీ ఒకడు అన్న మాటలు. పెద్దాయన తలలో రెండు కేసులూ కలిసిపోయాయి.

కోటు అంచు లాగింది. ఆయన ఆగలేదు. మళ్ళీ లాగింది.

"కోటు వదులమ్మాయ్" అన్నాడాయన వెనక్కి తిరగకుండానే. మైకులో అందరికీ వినపడింది.

ఏం చేయాలి? కుర్రలాయరు ఇంకా వెతుకుతూనే ఉన్నాడు. వెంటనే తేల్చుకోలేకపోతే, ఒక మనిషి తన నోటినుంచి రాని మాటకు మోసగాడైపోతాడు. ఆ మాట రికార్డులో లేదని కుర్రలాయరు రేపు కనిపెడితే, పెద్దాయన అబద్ధమాడాడని హాలంతా అనుకుంటుంది. విరామం దాకా ఆగవచ్చు. కానీ ఈలోగా ఇంజనీరు ఇంకెన్ని ఒప్పుకుంటాడో. "సరేనమ్మా" అని తను ఇచ్చిన మాట ఒకవైపు వెనక్కి లాగింది. తప్పని తెలిసిన మాటను న్యాయం చెప్పేవాళ్ళ ముందు ఉండనివ్వడం ఏ లాయరు చేయకూడని పని. అది ఆవిడకు నేర్పింది ఎదురుగా నిలబడి ఉన్న ఈ మనిషే.

ఆవిడ లేచి నిలబడింది.

"క్షమించాలి. మావైపు నుంచి ఒక పొరపాటు జరిగింది. ఈ సాక్షి నిన్న ఆ మాట అనలేదు. దయచేసి ఆ ప్రశ్ననూ ఆ జవాబునూ పక్కన పెట్టండి."

పెద్దాయన మెల్లగా వెనక్కి తిరిగాడు. ఆవిడను పైనుంచి కిందిదాకా చూశాడు.

"ఎవరు నువ్వు?" అన్నాడు.

కోపంతో అన్నాడో, నిజంగానే గుర్తుపట్టక అన్నాడో ఆవిడకు ఈరోజుకీ తెలియదు.

విరామం ప్రకటించారు. పక్కగదిలోకి వెళ్ళగానే యజమాని ఆవిడ మీద విరుచుకుపడ్డాడు. "అసలు మీరు ఎవరి తరఫు? నోటిదాకా వచ్చిన ముద్ద మీరే లాగేశారు!"

ఆవిడ పెద్దాయన కుర్చీ పక్కన కూర్చుంది. "అది ఓడ ఇంజన్ల కేసు సర్. మేస్త్రీ అన్నాడా మాట. మీకు గుర్తుందా?"

"గుర్తులేకేం" అన్నాడాయన చిరాగ్గా. "ఇది ఓడ ఇంజన్ల కేసే కదా?"

యజమాని ఇద్దరినీ మార్చి మార్చి చూసి, గది తలుపు తనే దగ్గరగా వేశాడు.

ఆ సాయంత్రం భార్య వచ్చి పెద్దాయనను తీసుకెళ్ళింది. కారు ఎక్కేముందు జూనియరమ్మ వైపు తిరిగి, "గట్టెక్కించమని కదా తల్లీ అడిగాను" అంది. కారు తలుపు వేసుకుంది. తిట్టినా బాగుండేదని జూనియరమ్మకు అనిపించింది.

మర్నాడు వాదించడానికి వేరే ఎవరూ లేరు. కాగితాలన్నీ తెలిసింది ఆవిడకే. యజమాని ఇష్టం లేకుండానే తలూపాడు. ఆవిడ ముందు కుర్చీలోకి మారి ఇంజనీరును ప్రశ్నించింది. గొప్పగా ఏమీ సాగలేదు. ఒకచోట తన ప్రశ్న తనకే తిరగబడింది. రెండుసార్లు అలవాటుకొద్దీ వెనక్కి తిరిగి చూసింది. ఇంజనీరు రాత్రి బాగా నిద్రపోయినట్టున్నాడు, నిదానంగా, కుదురుగా జవాబులు చెప్పి లేచి వెళ్ళిపోయాడు.

కొన్ని నెలలకు తీర్పు వచ్చింది. యంత్రాలు ఒప్పందం ప్రకారం లేవు, నష్టానికి అవతలి కంపెనీదే బాధ్యత అన్నారు. కావాలని మోసం చేసినట్టు మాత్రం రుజువు కాలేదన్నారు. యజమాని ఫోన్ చేసి, "ఆ పూట మీరు కదలకుండా కూర్చుని ఉంటే పూర్తిగా గెలిచేవాళ్ళం" అన్నాడు. ఆయన అన్నది నిజమే అయ్యుండొచ్చు. ఆ ఇంజనీరుకు అంతా తెలుసనే ఆవిడకు లోలోపల అనిపిస్తుంది. తెలుసనిపించడం వేరు, వాడన్నాడని చెప్పడం వేరు. అలా అని తనకు తాను సర్దిచెప్పుకున్నా, కొన్నాళ్ళు అన్నం సయించలేదు.

అంతకన్నా ఎక్కువ బాధపెట్టింది ఇంకొకటి. మెట్ల దగ్గర ఆయన నిలబడిపోయిన రోజే, ఎవరూ లేనప్పుడు, ఎదురుగా కూర్చుని చెప్పి ఉండాల్సింది. గౌరవమనుకుని దాచింది. చివరికి అంతమందిలో చెప్పాల్సి వచ్చింది.

పెద్దాయన ఆఫీసు మూతపడింది. క్లయింట్లలో చాలామంది వేరే వాళ్ళ దగ్గరికి వెళ్ళారు, కొద్దిమంది ఆవిడతో ఉన్నారు. ఆవిడ చిన్న గది అద్దెకు తీసుకుని తన పేరుతో బోర్డు పెట్టుకుంది. సరుకు బాగాలేదనే తగవులు, అన్నదమ్ముల కంపెనీ పంపకాలు, అలాంటివి వస్తున్నాయి.

పెద్దాయనను చూడ్డానికి వెళ్ళింది. ఆయన పాత గుమాస్తాను చూసి నవ్వాడట, వీధి చివర కొట్టువాణ్ణి చూసి నవ్వాడట. ఆవిడ గుమ్మంలోకి రాగానే మొహం గట్టిపడిపోయింది. పేరు తెలియదు, ఎవరో తెలియదు. కోపం ఒక్కటే మిగిలింది. కిటికీవైపు తిరిగి కూర్చున్నాడు.

"ఎందుకో మరి, నిన్ను చూస్తేనే ఇలా" అంది భార్య ఇబ్బందిగా. ఎందుకో ఇద్దరికీ తెలుసు.

అయినా ఆదివారాలు వెళ్తూనే ఉంది. ఆయన గదిలోకి వెళ్ళదు. వంటింట్లో పెద్దావిడతో కూర్చుని కూరలు తరుగుతుంది, మందులు తెచ్చిపెడుతుంది. మొదట్లో ఇద్దరూ ఎక్కువ మాట్లాడుకునేవారు కాదు. మొన్న ఒకరోజు లోపలినుంచి ఆయన గొంతు వినపడింది. మందులిచ్చే నర్సును నిలదీస్తున్నాడు.

"ఈ మాత్ర పొద్దున వేసుకోలేదంటున్నారు. మీరు కళ్ళారా చూశారా? లేక ఎవరైనా చెప్పారా? చెప్పినవాళ్ళు ఎవరు? వాళ్ళను పిలిపిస్తారా?"

"బాబోయ్, వేసుకోండి సర్, మీకు దణ్ణం" అంది నర్సు.

వంటింట్లో ఇద్దరూ ఒకరి మొహం ఒకరు చూసుకుని నవ్వేశారు. నవ్వుతూ నవ్వుతూనే పెద్దావిడ కొంగుతో కళ్ళొత్తుకుంది.

"మంచి ప్రశ్నలే" అంది జూనియరమ్మ, కత్తిపీట పక్కకు జరుపుతూ.

"ఇంకాసేపు ఉండు తల్లీ" అంది పెద్దావిడ. ఉండమని అడగడం అదే మొదటిసారి.