పేటలో మిమ్మల్ని ఎవరు తిట్టారు?

సబీహా మేడంది భవానీపురం. కంకిపాడు దగ్గర మా కాలేజీలో నాతోపాటే ఎకనామిక్స్ చెబుతారు. మెత్తటి మనిషే కానీ మాట ముక్కుసూటి. ఈసారి ప్రాజెక్టు వైవాకి ఆవిడే ఎగ్జామినర్.

కృష్ణ ఒడ్డున చేపలవాళ్ల పేటలో ఇల్లిల్లూ తిరిగి, వాళ్ల బతుకు తెలుసుకుని రాయాల్సిన ప్రాజెక్టు అది. పిల్లలందరి రిపోర్టులూ తళతళలాడుతున్నాయి. కీర్తన అనే అమ్మాయిది మాత్రం కొట్టివేతలు, తప్పుల ఇంగ్లీషు. ఫెయిల్ చేయమన్నాడు ఆ పిల్ల గైడ్. "ఏఐలో వేసి రాయించుకోవచ్చుగా అమ్మా, అందరూ అదే చేశారు" అని సలహా కూడా ఇచ్చాడు. పాఠం చెప్పే నోటితో అనాల్సిన మాటేనా అది? నాకు ఒళ్లు మండిపోయింది.

మేడం రిపోర్టులన్నీ పక్కకు నెట్టి, వచ్చిన ప్రతివాళ్లనీ ఒక్కటే అడిగారు.

"పేటలో మిమ్మల్ని ఎవరు తిట్టారు?"

మొదట వచ్చిన జయంత్ బిత్తరపోయాడు. "ఎవరూ తిట్టలేదు మేడం. బాగా కో-ఆపరేట్ చేశారు."

తర్వాత వచ్చినవాళ్లదీ అదే పాట. సర్వే అంటూ గుమ్మం ఎక్కితే నాలుగు చీవాట్లు పెట్టని ఊరు ఈ జిల్లాలో ఎక్కడుందండీ?

కీర్తన తల దించుకుంది. "పెద్దింట్లమ్మ గారని, చేపలమ్మే ఆవిడ మేడం. 'పోయినేడూ రాసుకుపోయారు, మాకేం ఒరిగింది? ముందీ బుట్ట పట్టు, తర్వాత అడుగుదువుగాని' అంది. రేవు దాకా మోశాను. బస్సులో నా పక్కన ఎవరూ కూర్చోలేదు."

మేడం కీర్తన ఒక్కదాన్నే పాస్ చేసి, మిగతావాళ్లని పేటకు వెళ్లి రమ్మన్నారు.

ప్రిన్సిపాల్ కృపానందం గారు లబోదిబోమన్నారు. "రిజల్ట్ పోతే అడ్మిషన్లు ఎలా వస్తాయండీ? అందరికీ వేసేయండి."

"వెళ్లని ఊరికి మార్కులు వేయలేనండీ."

అంతే. మర్నాడు ఇంకో ఎగ్జామినర్‌ని పెట్టి వైవా మళ్లీ జరిపించారు. ఆయన అడిగిందీ లేదు, చదివిందీ లేదు. జయంత్‌కి తొంభై వేశాడు, కీర్తనని బొటాబొటిగా గట్టెక్కించాడు. సిగ్గుండాలి.

నెల తిరక్కుండా, ప్రాజెక్టులు చేసిన పేట చూపించమని యూనివర్సిటీ నుంచి తనిఖీ బృందం వచ్చింది. కృపానందం గారు స్టాఫ్‌రూముకు వచ్చి మేడం ముందు నిలబడ్డారు.

"కీర్తనని ఒకసారి పంపిస్తారా మేడం? పేటకు దారి ఆ అమ్మాయికే తెలుసట."

మేడం దిద్దుతున్న పేపర్ల మీంచి తల ఎత్తలేదు.

"జయంత్‌ని తీసుకెళ్లండి సార్. తొంభై వచ్చినవాడు, దారి తెలియకుండా ఉంటుందా?"