చెల్లని నోట్ల పెదనాన్న

"మింగేసింది పెదనాన్నా! సగం నోటు నా చేతిలో ఉంది, మిగతా సగం కనబడట్లేదు. ఆ ఇంకులో సీసం ఉంటుందేమో!"

అమ్మాయి అరిచిన అరుపుకి మంచం మీదున్న ఆమె పాప బిక్కచచ్చిపోయి, ఆ వెంటనే ఇల్లెగిరిపోయేలా ఏడుపు అందుకుంది. అమ్మాయి వేలు పాప నోట్లోకి పోయింది. ఒక బుగ్గ, రెండో బుగ్గ, నాలుక కింద. ఏమీ తగల్లేదు. పాప ఓక్కుమంది.

"ముందు వేలు తియ్యమ్మా," అన్నాడు పెదనాన్న. మంచం పక్కనే వంగి పాప మొహంలోకి చూస్తున్నాడు కానీ చేతులు రెండూ వెనక్కి కట్టుకుని ఉన్నాడు. ఇల్లు తగలబడుతున్నా ఈయన ఇలాగే నిలబడతాడు కాబోలు అనుకుంది అమ్మాయి.

అమ్మాయి తాగునీటిని పరీక్షించే ల్యాబులో కెమిస్టు. ఆదివారంతో సెలవు అయిపోతుంది. ఇంకా పొడిగిస్తే ఆ కుర్చీలో వేరేవాళ్ళు కూర్చుంటారని పై ఆఫీసరు నవ్వుతూనే చెప్పింది. పాపను ఎవరికైనా అప్పగించగలిగితేనే ఉద్యోగం నిలుస్తుంది. అప్పగించగలనా లేదా అన్నది తేల్చుకోవడానికే ఆ రోజు పెదనాన్న ఇంటికి వచ్చింది. పాప పుట్టినప్పటి నుంచీ ఆమె మనసు, పన్ను పీకేముందు సూది వేసిన బుగ్గలా ఉంది. నవ్వినా ఏడ్చినా తనది కానట్టే ఉంటుంది. గిల్లితే తెలిసేది భయం ఒక్కటే.

పెదనాన్న మందుల డబ్బాలకు అట్టలు అచ్చేసే ప్రెస్సులో మిషను మీద పనిచేసి రిటైరయ్యాడు. ఆయనకున్న పిచ్చి ఒక్కటే, రెండో ప్రపంచ యుద్ధకాలంలో అచ్చయిన థాయిలాండ్ నోట్లు. ఆ రోజుల్లో విదేశం నుంచి నోట్లు అచ్చయి రావడం ఆగిపోతే, దొరికిన కాగితం మీద, దొరికిన రంగులతో సొంత దేశంలోనే అచ్చేసుకున్నారట. మొదటి నోటు ఆయనకు మిషను తుడవడానికి తెచ్చిన చిత్తు కాగితాల్లో, ఓ పాత పుస్తకం మధ్యలో దొరికింది. గీత దాటిన రంగు, వంకరపోయిన అంచు. సరిగ్గా ఆ రోజే రంగు పక్కకి జరిగిందని యజమాని ఆయన్ని నలుగురిలో కడిగేశాడు. నోటును చొక్కా జేబులో పెట్టుకుని ఇంటికొచ్చి, "చూశావా, ఇది నా పనికన్నా అధ్వాన్నం. అయినా దీంతో జనం ఉప్పూ పప్పూ కొనుక్కున్నారు," అని పెద్దమ్మకి చూపించాడు. ఆ తర్వాత పాత సామాన్ల కొట్టు ఎక్కడుందంటే అక్కడికి వెళ్ళాడు. కొత్తగా పెళపెళలాడే నోటు ఊరికే ఇచ్చినా పుచ్చుకోడు. మడతపడి, చెమట పీల్చి, మూలలు అరిగిపోయినవే కావాలి.

"చెల్లే డబ్బిచ్చి చెల్లని డబ్బు కొనుక్కొచ్చే మొనగాడు మా ఇంట్లోనే ఉన్నాడు," అంటుంది పెద్దమ్మ వచ్చినవాళ్ళందరితో. ఆ నోట్ల మీద చిన్నపిల్లవాడైన రాజుగారి బొమ్మ ఉంటుంది. వాళ్ళకి పిల్లలు లేరు. "ఇదుగో, మావాడు," అని పెద్దమ్మే చూపిస్తుంది. అక్కడితో ఆ మాట ఆపేస్తుంది.

వారానికోసారి ఆయన ఫ్యాను ఆపి, మంచం మీద అద్దుడు కాగితం పరిచి, నోట్లకు గాలి తగలనిస్తాడు. ఆ రోజూ అదే పని. మరిగించిన పాలసీసా మీద నమ్మకం చాలక మళ్ళీ మరిగించుకొద్దామని, పాపను మంచం ఆ చివర కూర్చోబెట్టి వంటగదిలోకి వెళ్ళింది అమ్మాయి. తిరిగొచ్చేసరికి, పెదనాన్న నోట్ల పెట్టె వైపు తిరిగి ఉండగా, పాప పాకేసింది. నోటు నోట్లో ఉంది.

"లాగకు! నానిపోయింది, చిరుగుతుంది. అదే వదిలేస్తుంది," అంటూనే ఉన్నాడు పెదనాన్న. అమ్మాయి లాగింది. కాగితం చప్పుడు కూడా చేయకుండా తెగిపోయింది.

అరుపు విని పెద్దమ్మ పరుగున వచ్చి పాపను ఎత్తుకుంది. అమ్మాయి ఫోన్ అందుకుంది.

"డాక్టరుకి చెయ్యి, చెయ్యాల్సిందే," అన్నాడు పెదనాన్న. "ముందోసారి నీ మోచెయ్యి పైకెత్తు."

అమ్మాయి మోచేతి కింద, చెమటకి అతుక్కుని ఉంది రెండో ముక్క. అందులోంచి రాజుగారు ఏమీ ఎరగనట్టు చూస్తున్నాడు.

రెండు ముక్కల్నీ బల్ల మీద ఆనించి చూసింది అమ్మాయి. అంచులు కలిశాయి. గోరంత కాగితం కూడా తగ్గలేదు. అయినా మళ్ళీ చూసింది. డాక్టరు అంతా విని, నోరు శుభ్రంగా తుడిచి పాలు పట్టమని, ఏమాత్రం తేడాగా ఉన్నా తీసుకురమ్మని చెప్పాడు.

"ఇన్నాళ్ళకి ఆ డబ్బు ఒకరి నోటికి అందింది," అంది పెద్దమ్మ పాప మూతి తుడుస్తూ. "రుచి ఎలా ఉందే దొంగా?"

అమ్మాయికి నవ్వు రాలేదు. "అలా ఎలా నిలబడగలిగారు పెదనాన్నా? మీకు భయమే వెయ్యలేదా?"

ఆయన చేతులు ముందుకు తెచ్చాడు. ఎడమ మణికట్టు మీద ఆయన గోళ్ళే దిగిన గుర్తులు ఎర్రగా ఉన్నాయి.

"ప్రెస్సులో మొదట నేర్పేది ఇదేనమ్మా. తడి కాగితం బయటికొస్తుంటే, సరిచేద్దామని చెయ్యి దానంతటదే పోతుంది. వేలు తగిలిందా, ఇంక అది చెత్తబుట్టకే. అందుకే మేమంతా చేతులు వెనక్కి కట్టుకుని నిలబడేవాళ్ళం, పెళ్ళిచూపుల్లో మామగార్లలాగా."

"నిజంగా గొంతుకి అడ్డం పడి ఉంటే?"

"అప్పుడు కట్టుకోమని ఎవరన్నారు? అడ్డం పడితే అంత గట్టిగా ఏడవలేదమ్మా. ఏడుస్తోంది, రంగు మారలేదు, ఊపిరి ఆడుతోంది. అది చూశాకే కట్టుకున్నాను."

అమ్మాయి ఆ గోళ్ళ గుర్తులు చూసింది. భయపడేది తనొక్కతే కాదన్నమాట. మొద్దుబారిన చోట ఏదో చురుక్కుమంది, అంతలోనే ఆరిపోయింది. ఆమె పాపను తీసుకుని ఇంటికెళ్ళే లోపే, ఎవరూ అడక్కుండా, పెదనాన్న స్టూలెక్కి నోట్ల పెట్టెను అలమారా పైన పెట్టేశాడు. చిరిగిన ముక్కలు మాత్రం అద్దుడు కాగితం మధ్య ఆరుతున్నాయి.

సోమవారం గుమ్మం దగ్గర పాపను పెద్దమ్మ చేతికిచ్చింది అమ్మాయి. పాప గుక్కపట్టింది. అమ్మాయి చేతులు ముందుకు పోయాయి. లోపల్నుంచి పెదనాన్న చూస్తున్నాడు. ఆమె చేతులు వెనక్కి తెచ్చి, ఒకదాన్నొకటి పట్టుకుని నిలబడింది. పాప మొహం చూసింది. కాసేపటికి పాప పెద్దమ్మ కళ్ళజోడు లాగడంలో పడింది. అమ్మాయి బస్సెక్కింది.

ధైర్యం వచ్చిందని ఆమె ఎవరితోనూ అనలేదు, రాలేదు గనక. పాప ఇప్పుడు నడుస్తోంది, రోజూ ఎక్కడో ఒకచోట పడుతోంది. పడ్డ ప్రతిసారీ అమ్మాయి, ఆ సోమవారం సాయంత్రం పెదనాన్న చెప్పిన మాటే తల్చుకుని అలాగే చేస్తుంది.

"ముందు చూడు తల్లీ. ఊపిరి ఆడుతోందా, రంగు బాగుందా, ఏడుస్తోందా? బాగుంటే చేతులు వెనక్కి కట్టుకో. తడి ఆరనీ, అప్పుడు ముట్టుకో."